కాటా ముందు ఆగే చెయ్యి

మొన్న ముమ్మిడివరం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముదామనుకుంటున్నారట. "ముందు ఏమేం కొనుక్కోవాలండి? బాగా అవసరమైనవి ఓ ఐదారు చెప్తే రాసుకుంటాను," అన్నారు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే వెళ్లి వంటింటి అలమార తలుపు తీశాను. కాటా, అన్నాను. ఓవెన్లో పెట్టే థర్మామీటరు, అన్నాను. సన్న జల్లెడ, అన్నాను. నాలుగోది చెప్పకుండానే తలుపు మూసేశాను. "హలో, హలో" అంటున్నారావిడ. సిగ్నల్ బాగాలేదని అబద్ధం చెప్పి పెట్టేశాను.

ఆ మూడింటి విలువా నాకు నేర్పిన మనిషి పోయి నాలుగు నెలలు కూడా కాలేదు. అప్పటి నుంచీ నాకు వంటింట్లో ఒక చోట నిలబడాలంటే కుదరడం లేదు. పిండి కలుపుతూ గుమ్మంలోకి వెళ్తాను. ఎందుకెళ్లానో తెలియక మళ్లీ వస్తాను. ఇదంతా రాస్తే కొంత నెమ్మదిస్తుందేమోనని రాస్తున్నాను. ఆయన పేరు రాయను. ముప్పయ్యేళ్లకి పైగా ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా పనిచేశారు. పేరు కాగితం మీద పడటం ఆయనకి ఇష్టముండేది కాదు. నేను బాబాయి గారూ అనేదాన్ని.

మేం అమలాపురంలో ఎర్ర వంతెన దగ్గర అద్దెకుండే రోజులు. మావారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న కేకులు వీధిలో వాళ్లకి చేసివ్వడం మొదలుపెట్టి నాకు అప్పటికి ఏడాది కాలేదు. నా కేకులన్నీ మధ్యలో కుంగేవి. కుంగిన చోట క్రీము నింపి, పైన చెర్రీలు పేర్చేదాన్ని. ఎవరూ పసిగట్టలేదు. ఆయన తమ పాస్టరు గారి పుట్టినరోజుకి కేకు చెప్పి, తీసుకెళ్లడానికి సైకిలు మీద వచ్చారు. డబ్బా మూత తీశారు. కళ్లు కేకు ఎత్తుకి వచ్చేదాకా నడుం వంచి, పక్క నుంచి చూశారు.

"మధ్యలో క్రీము ఎక్కువ పట్టిందాండి?" అన్నారు.

"అది డిజైనండి," అన్నాను.

"ఆయ్," అని మూత పెట్టేశారు. గుమ్మం దాటి, మెట్లు దిగి, మళ్లీ వెనక్కి వచ్చారు. "గుంట ఎంత లోతుంటుందమ్మా? అరంగుళం ఉంటుందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికి వచ్చేశాను. మావారు పేపరు చాటు నుంచి నవ్వుతున్నారు.

మర్నాడు పొద్దున్న ఆరుంబావు కూడా కాలేదు, గేటు చప్పుడైంది. చూస్తే ఆయనే. చంకలో ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, చేతిలో జేబురుమాలు మూట. అందులో చిన్న గడియారంలా గుండ్రంగా, ముల్లున్న థర్మామీటరు. ల్యాబుల్లో వాడే గాజుదని నేననుకుంటే తల అడ్డంగా ఊపారు. "గాజుది తినే వస్తువు దగ్గర పెట్టకూడదమ్మా. పగిలితే పాదరసం. ఇది ఓవెన్ కోసమే చేసింది. ఇదివరకెప్పుడో మా అమ్మాయి చేత కాకినాడలో కొనిపించేను. మీ ఓవెన్‌కి ఒంట్లో ఎలా ఉందో చూసి వెళ్లిపోతానండి."

నేను రమ్మనకుండానే వంటింట్లోకి వచ్చేశారు. ఓవెన్ నాబుని నూట ఎనభై దగ్గరికి తిప్పి, థర్మామీటరు లోపల పెట్టి, అద్దం తలుపు ముందు అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు. పదిహేను నిమిషాలు తిరిగారు. ముల్లు నూట యాభై దగ్గర ఆగింది. అక్కడి నుంచి కదల్లేదు.

"చూసేరా? పైన చెప్పేదొకటి, లోపల ఉన్నదొకటి," అన్నారు. అన్నది ఓవెన్ని గురించే. నాకు మాత్రం ముందురోజు డిజైనని బొంకిన మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

తర్వాత బ్రెడ్డు ముక్కలు ట్రే నిండా పరిచి లోపల పెట్టించారు. పది నిమిషాలాగి తీస్తే, వెనకవైపు ముక్కలు నల్లబడ్డాయి, కుడి మూలవి ఎర్రగా వేగాయి, తలుపు దగ్గరవి తెల్లగా ఉన్నాయి. వాటిని అదే వరసలో బల్ల మీద పేర్చారు. "ఇదిగోనమ్మా, లోపలి వేడి ఇలా ఉంది. కేకు సగం కాలిన తర్వాత అటుది ఇటు తిప్పాలి. సగం కాలకుండా తలుపు తీస్తే కుంగుతుంది. మీరు మధ్యలో తీసి చూస్తున్నారు కదాండి?"

నిజమే. ఐదు నిమిషాలకోసారి తీసి చూసేదాన్ని.

ఆ వారం నేను చేసిన కేకు కుంగలేదు. బల్లపరుపుగా, అరచేతి కింద మెత్తగా పైకి వచ్చింది. దాని మీద క్రీము కూడా రాయకుండా మా ఇంట్లోనే తినేశాం.

అలా మొదలుపెట్టారు రావడం. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, కాలవ అవతల వాళ్ల ఇల్లు. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, కాకినాడ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. పొద్దున్నే సైకిలు మీద వచ్చి, గంటో రెండు గంటలో ఉండి, చెప్పకుండా వెళ్లిపోయేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి తిరిగితే మనిషి ఉండేవారు కాదు. వీధిలో సైకిలు బెల్లు వినపడేది.

ఒకరోజు నా సామాన్ల సొరుగు లాగి మొత్తం బల్ల మీద కుమ్మరించారు. నేను ఆన్‌లైన్లో కొన్నవన్నీ బయటపడ్డాయి. గులాబీ రంగు రబ్బరు అచ్చులు, యాభై రకాల క్రీము పిండే మూతులు, గుడ్డులో పచ్చసొన విడదీయడానికి చేప ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ బొమ్మ. ఆ బొమ్మని పైకెత్తి చాలాసేపు చూశారు.

"ఇదేం చేస్తుందండి?"

చెప్పాను.

"మరి మీ వేళ్లేం చేస్తున్నాయమ్మా?"

అంతే, అది పక్కకి వెళ్లిపోయింది. చివరికి ఆయన ఉంచింది చారెడు సామాను. జల్లెడ, రబ్బరు గరిటె, ఒక బీటరు, గుండ్రటి కేకు డబ్బాలు రెండు, బటర్ పేపరు. కేకు ఉడికిందో లేదో గుచ్చి చూడటానికి నేను కొన్న స్టీలు పుల్ల కూడా తీసి పారేశారు. మర్నాడు కొబ్బరి ఈనెలు శుభ్రంగా గీరి, నీళ్లలో మరగబెట్టి, ఎండబెట్టి, ఒకే పొడవుకి కత్తిరించి కట్టగా తెచ్చారు. "స్టీలు నున్నగా ఉంటుంది, పచ్చిపిండి జారిపోతుందండి. ఈనె గరుగ్గా ఉంటుంది, ఉన్నది పట్టుకుంటుంది."

అన్నిటికంటే గొడవ కప్పు దగ్గర వచ్చింది. నేను టీ కప్పుతో కొలిచేదాన్ని. వీడియోల్లో అందరూ కప్పు అనే చెప్తారు. ఆయన నా చేత అదే కప్పుతో మూడుసార్లు మైదా తీయించి, మూడుసార్లూ తను కొనిపించిన కాటా మీద పెట్టించారు. మూడు బరువులు వచ్చాయి.

"మన గాలిలో నీళ్లుంటాయమ్మా. పొద్దున్న పిండి ఒక బరువు, ముసురు పట్టేక ఒక బరువు. మీరు నొక్కితే ఒకటి, నొక్కకపోతే ఒకటి. కప్పుని నమ్మకండి. చేతిని అసలు నమ్మకండి. కాటా ఒక్కటే చూసుకోండి."

తూకం మాత్రం నన్ను చెయ్యనిచ్చేవారు కాదు. ల్యాబులో అద్దాల పెట్టెలో ఉండే త్రాసు దగ్గర చేసినట్టే, ఊపిరి బిగబట్టి చేసేవారు. కుడిచేత్తో చెంచా పట్టుకుని, కొసన వేలితో చిన్నగా తట్టి, బేకింగ్ పౌడరు గ్రాము గ్రాముగా రాల్చేవారు. ఆ కాసేపే ఆయన కదలకుండా ఉండేది. అంకె కుదరగానే మళ్లీ తిరుగుడు. తుడిచిన బల్ల మళ్లీ తుడవడం, కడిగిన జల్లెడ దులపడం, డబ్బా అడుగున వేళ్లతో దరువెయ్యడం. నాకు కళ్లు తిరిగేవి.

"కూర్చోండి బాబాయి గారూ," అంటే, "ఎన్నేళ్లు నిలబడ్డానమ్మా! లెక్చరర్ల ముందు కుర్చీ ఎరగను. ఇప్పుడు కూర్చోమంటే నడుం ఒప్పుకోదు," అనేవారు. టీ కూడా నడుస్తూనే తాగేవారు. గ్లాసులో సగమే పొయ్యమనేవారు. మండు వేసవిలో కూడా తెల్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టి ఉండేది. వచ్చిన వాళ్లందరికీ నేనే చెప్పేదాన్ని, "ల్యాబు అలవాటండి, ఆయన కూర్చోలేరు," అని. అందరం నవ్వుకునేవాళ్లం.

కేకులు ఎక్కడ నేర్చుకున్నారని ఒకసారి అడిగాను. భార్య క్రిస్మస్‌కి అల్యూమినియం గిన్నెలో ఇసక పోసి, కట్టెల పొయ్యి మీద చేసేదట. ప్రతి ఏడూ ఒక పక్క మాడేది. ఎందుకు మాడుతోందో తేల్చాలని ఈయన గిన్నె చుట్టూ తిరుగుతుంటే, "కేకుకి జ్వరం చూస్తున్నారా?" అని ఆవిడ నవ్వేదట. "తేల్చేరా మరి?" అన్నాను. "తేల్చేను. పొయ్యి ఒక పక్కకి వాలి ఉంది. కింద చిన్న పెంకు పెడితే సరిపోయింది. ఆ ఏడు బాగా వచ్చింది. పై ఏటికి మనిషి లేదు," అన్నారు. అని, వెంటనే బీటరు కడగడానికి పెరట్లోకి వెళ్లిపోయారు. బీటరు అప్పటికే కడిగి ఉంది.

రాజోలు పెళ్లి కేకు వచ్చింది ఆయన రావడం మొదలుపెట్టిన నాలుగో ఏడు, మే నెలలో. మూడంతస్తుల కేకు. నేను అంత పెద్దది ఎప్పుడూ చెయ్యలేదు. ఒప్పుకోవాలా వద్దా అని నేను తేల్చుకోలేకపోతే, "చెయ్యండమ్మా, నేనున్నాను కదా," అన్నారు. పెళ్లి రోజు తెల్లవారుతూనే వచ్చేశారు. ఎండ అప్పుడే ముఖాన కొడుతోంది. బటరు గిన్నెలో జారిపోతోంది. రెండుసార్లు కరెంటు పోయింది. అడుగు అంతస్తు ఓవెన్లో ఉంది, మధ్యదానికి పిండి కలపాలి, క్రీము గట్టిపడటం లేదు. ఈయనేమో నా వెనకాలే. గిన్నె తీసి ఇక్కడ పెడతారు, ఇక్కడిది అక్కడ పెడతారు. మూతలు సర్దుతారు. ఫ్రిజ్ తీసి వేస్తారు. నేను ఎటు తిరిగినా ఆయన మోచెయ్యి.

గట్టిగా అరిచాను. "బాబాయి గారూ, మీకు దణ్ణం పెడతాను! ఒక్క పది నిమిషాలు ఆ కుర్చీలో కూర్చోండి. లేకపోతే ఇంటికైనా వెళ్లండి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన ఆగిపోయారు. "ఆయ్," అన్నారు. ఏళ్ల తరబడి లెక్చరర్లకి చెప్పినట్టే అన్నారు. చేతిలో ఉన్న పళ్లెం, చెంచాతోనే వెళ్లి కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. మా ఇంట్లో ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. నేను మళ్లీ క్రీము మీద పడ్డాను.

కాసేపటికి ఏదో చప్పుడు. స్టీలు మీద స్టీలు, టకటకమని, ఆగకుండా. మిక్సీ మూత కదులుతోందేమోనని చూశాను. మిక్సీ ఆగి ఉంది. వెనక్కి తిరిగాను. ఆయన ఒళ్లో పళ్లెం ఉంది. కుడిచేతిలో చెంచా ఉంది. ఆ చెయ్యి తనంతట తనే కొట్టుకుంటోంది. బొటనవేలు, చూపుడువేలు ఏదో మాత్ర నలుపుతున్నట్టు కదులుతున్నాయి. చెంచా పళ్లెం అంచుకి తగులుతోంది. ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నారు. అప్పుడు రెండు చేతులూ కదిలాయి. ముఖంలో బాధ లేదు. బస్సులో పక్కన కూర్చున్న కొత్తమనిషిని చూసినట్టు ఆ చేతిని చూస్తున్నారు.

నేను వెళ్లి చెంచా తీసుకున్నాను.

"ఎన్నాళ్ల నుంచి బాబాయి గారూ?"

"రెండేళ్లయిందమ్మా. పనిలో పెడితే ఊరుకుంటుంది. ఊరికే ఉంచితేనే ఈ గోల."

అప్పుడు అర్థమైంది. ఆ తిరుగుడు, ఆ తుడవడం, ఆ సగం గ్లాసు టీ, ఆ బొత్తాం. చేతికి పని దొరకని క్షణం లేకుండా చూసుకుంటూ రెండేళ్లు నా కళ్ల ముందే తిరిగారు. నేను నవ్వుకున్నాను, పదిమందినీ నవ్వించాను.

"డాక్టరుకి చూపించుకోండి. ఇవాళ కాకపోతే రేపు నేను తీసుకెళ్తాను."

"చూపిస్తే దానికో పేరు పెడతారండి. పేరంటూ పెట్టేక మా అమ్మాయి నన్ను ఇక్కడుండనివ్వదు. కాకినాడలో దానికి రెండు గదులు. అది డ్యూటీకి పోతే నేను గోడలు చూస్తూ కూర్చోవాలి. కూర్చుంటే ఇదిగో, ఇదీ సంగతి." నా వైపు చూడకుండా అన్నారు. "దానికి చెప్పకండమ్మా. నర్సు కదా, అది వచ్చినన్నాళ్లూ నేను బజారు పనులు పెట్టుకుని తిరుగుతుంటాను. మీరు మాటివ్వండి."

ఓవెన్ గంట కొట్టింది. పిండి కలపాల్సిన వేళ దాటిపోతోంది. నేను ఆ గంటకీ ఆయనకీ మధ్య నిలబడి, "చెప్పను," అన్నాను. వెంటనే, "లేవండి బాబాయి గారూ, పంచదార తూచాలి," అన్నాను.

ఆయన లేచారు. కాటా ముందుకి వెళ్లి చెంచా పట్టుకున్నారు. చెయ్యి ఆగిపోయింది. గ్రాము తేడా లేకుండా తూచారు.

రాజోలుకి వ్యానులో వెళ్లాం. అడుగు అంతస్తు ఆయన ఒళ్లో పెట్టుకుంటానన్నారు. వద్దనలేకపోయాను. దారి పొడవునా నేను రోడ్డు చూడలేదు, ఆ చేతినే చూశాను. ఆయన రెండు చేతులూ అట్ట అడుగున పెట్టి, మెడ బిగించి, ఊపిరి కూడా కొలిచి తీసుకుంటున్నట్టు కూర్చున్నారు. కేకు చిన్న చెక్కు కూడా రాకుండా పెళ్లింటికి చేరింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆయన షామియానా బయట ఖాళీ డబ్బాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు.

ఆ తర్వాత తొమ్మిది నెలలు ఆయన రహస్యం నా దగ్గర ఉంది. ఉంటే ఊరికే ఉండనిచ్చిందా! ఆయన పొద్దున్న రావడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గరికి పరిగెత్తేదాన్ని. వచ్చాక పని లేకపోయినా పని కల్పించేదాన్ని. జల్లించిన పిండి మళ్లీ జల్లించమనేదాన్ని. ఇద్దరం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నారని చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

డిసెంబరులో ఆయన కూతురు వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. వాళ్ల నాన్నకి మల్లేనే నిటారుగా నిలబడుతుంది. వంటింటి గుమ్మంలో నిలబడి, "మీరుండబట్టి నాకు దిగుల్లేదండి అక్కగారూ. నాన్నగారు రోజూ ఇక్కడికి వస్తున్నారంటే నాకు ధైర్యం," అంది. ఆ అమ్మాయి కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. ఏదో అడుగుతున్నట్టే ఉన్నాయి. మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఆయన పెరట్లోంచి మైదా డబ్బా మోసుకుంటూ వచ్చారు. నేను మింగేశాను.

మాటిచ్చాను కాబట్టి ఆగాను అనుకున్నాను అప్పుడు. కానీ ఆ వారం నాకు ఇరవై రెండు క్రిస్మస్ కేకులున్నాయి. ఆయన లేకపోతే తూకం వేసేవాళ్లు లేరు. ఆయన్ని కాకినాడ తీసుకుపోతే నా పని ఆగిపోతుంది. నన్ను ఆపింది మాటా, ఆ కేకులా? దీన్ని ఏ కాటా మీద పెట్టి చూసుకోను?

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న బాగా మంచు పట్టింది. ఆరుంబావు దాటింది, ఆయన రాలేదు. ఆరున్నర అయింది. గేటు దగ్గరికి వెళ్లి వచ్చాను, ఓవెన్ ఆపాను, మళ్లీ పెట్టాను. మావారిని లేపి, కాలవ గట్టు మీదకి బండి తీసుకెళ్లమన్నాను. మావారు చొక్కా వేసుకుంటుండగానే ఫోనొచ్చింది. గట్టు మీద కొబ్బరికాయల ట్రాక్టరు ఎదురొస్తే బాబాయి గారు పక్కకి తప్పుకోబోయారట. బ్రేకు పట్టే వేళకి చెయ్యి మాట వినలేదట. సైకిలుతో సహా కాలవ వాలులోకి పడిపోయారు. కాయలు దించేవాళ్లు చూసి పైకి తెచ్చారు. తుంటి ఎముక విరిగింది.

అమలాపురం నుంచి కాకినాడ తీసుకెళ్లారు. రెండో రోజు నేను వెళ్లేసరికి డాక్టర్లు తుంటితో పాటు ఆ చేతిని కూడా చూసేశారు. దానికి పేరు పెట్టేశారు. కూతురు వార్డు బయట బల్ల దగ్గర నిలబడి ఉంది.

"మీకు తెలుసా అక్కగారూ?"

తల ఊపాను.

"ఎప్పటి నుంచి?"

"మే నుంచి."

"దీనికి మాత్రలున్నాయండి! నయమవ్వదు గానీ, పెందరాళే మొదలెడితే మనిషి చాలాకాలం తిరుగుతాడు. తొమ్మిది నెలలు! ఒక్క మాట చెప్తే ఏం పోయేదండి మీకు?"

లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. "నేనే చెప్పొద్దన్నానమ్మా. ఆవిణ్ణేం అనకు."

"మీరు ఊరుకోండి నాన్నగారూ," అని అరిచింది. వార్డంతా ఇటు తిరిగింది. నేను తెచ్చిన కేకు డబ్బా చేతిలోనే ఉంది. దాన్ని ఆ బల్ల మీద కూర్చున్న ఒకావిడకిచ్చి బయటికి వచ్చేశాను.

ఆయన మళ్లీ లేచి నడవలేదు. కాకినాడలో ఆ రెండు గదుల్లోనే ఉండిపోయారు. రోజూ పొద్దున్నే ఆరుంబావుకి ఫోన్ చేసేవారు. "ఎంత చూపిస్తోందమ్మా?" అనేవారు. నేను ఓవెన్లో ముల్లు ఎక్కడుందో చెప్పేదాన్ని. "ఆయ్," అని పెట్టేసేవారు. ఒక్కోరోజు నేను ఓవెన్ పెట్టేదాన్నే కాదు. అయినా ఏదో ఒక అంకె చెప్పేదాన్ని.

మూడుసార్లు వెళ్లి చూశాను. మాత్రలతో చెయ్యి కొంత నెమ్మదించినా పూర్తిగా ఆగలేదు. మూడోసారి వెళ్లినప్పుడు ఆయన అడిగారని కూతురు మంచం దగ్గరకి ఒక పళ్లెం, జల్లెడ, కాస్త మైదా తెచ్చిపెట్టింది. నాతో మాత్రం మాట్లాడలేదు. ఆయన జల్లెడని పళ్లెం మీదకి ఎత్తి పట్టుకున్నారు. ఇప్పుడు పనిలో పెట్టినా చెయ్యి ఊరుకోలేదు. పిండి సన్నగా, మంచులా రాలింది.

"చూసేరా? ఇదివరకు ఆడించాల్సి వచ్చేది. ఇప్పుడు పట్టుకుంటే చాలండి," అన్నారు.

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన నవ్వారు. కూతురు గబుక్కున రెండో గదిలోకి వెళ్లిపోయింది.

వానాకాలం మొదట్లో రొమ్ము పట్టి, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయారు. సమాధి సొంత ఊళ్లోనే. నేను జనం వెనక నిలబడ్డాను.

నలభయ్యో రోజు ప్రార్థన కూడికకి కూతురు వచ్చింది. మర్నాడు పొద్దున్న మా ఇంటికి వచ్చింది. వాళ్ల నాన్నగారింటి తాళం చేతిలో తిప్పుతూ గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి రమ్మన్నాను. బస్సు వేళవుతోందంది. నేనూ చెప్పులేసుకుని కూడా నడిచాను. గడియార స్తంభం దాటాం.

"ఆ రోజు ఆస్పత్రిలో మిమ్మల్ని అన్నాను," అంది.

"అనాల్సిందే కదమ్మా."

"కాదండి. నాకు ముందే తెలుసు."

నేను ఆగిపోయాను. ఆమె ఆగలేదు. నడుస్తూనే చెప్పింది.

"మీకు తెలిసిన మే నెల కంటే ముందు వచ్చిన క్రిస్మస్‌కండి. వచ్చి వెళ్తుంటే నన్ను బస్సెక్కించి కింద నిలబడ్డారు. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపుతూనే ఉంటారు ఎప్పుడూ. బస్సు కదిలింది. ఏదో అనిపించి కిటికీలోంచి వెనక్కి చూసేను. చెయ్యి దించేరు. దించేక కూడా ఆ చెయ్యి ఊగుతూనే ఉందండి." కొంచెం ఊపిరి తీసుకుంది. "రోజూ వార్డులో ఇలాంటి చేతులు చూసేదాన్ని. తెలియకుండా ఎలా ఉంటుంది? తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి వద్దామనుకున్నాను. డ్యూటీ ఉంది. వచ్చే నెల అనుకున్నాను. వచ్చే నెల వస్తే ఆయన బజారుకి, మీ ఇంటికి, చర్చికి, ఒక్క నిమిషం నా ముందు నిలవలేదు. అంత కష్టపడి దాస్తున్నారు. నేను చూసేనని ఎలా చెప్పను?"

"డిసెంబరులో మా వంటింటి గుమ్మంలో..."

"మీరు చెప్తారేమోనని వచ్చేను. మీ నోటమ్మట వస్తే నేను అప్పుడే విన్నట్టు ఉండొచ్చు కదాని."

బస్టాండు వచ్చేసింది. కాకినాడ బస్సు స్టార్టయి ఉంది. నాకు అడగాలని ఉంది. రెండు గదుల ఇంటికి ఆయన్ని తీసుకెళ్లడానికి భయపడిందా, ఆయన ముఖం చూడలేకపోయిందా, ఏది అసలు కారణం అని. ఆమె నా ముఖం చూసి తల అడ్డంగా ఊపింది.

"మీరెందుకు చెప్పలేదో నేను అడగనండి. మీరూ నన్ను అడక్కండి," అంది.

ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. ఆమె వెనక్కి చూస్తుందని నాకు తెలుసు. చెయ్యెత్తి ఊపాను. బస్సు మలుపు తిరిగి పూర్తిగా కనపడకుండా పోయేదాకా ఆ చెయ్యి దించలేదు.